టెక్ సందేహాలు: అరకు రైడ్‌లో ఫోన్ ఆగిపోయింది, జీపీఎస్ వాచ్ కొనాలా?

ప్రశ్న: విశాఖ నుంచి సైకిల్ మీద అరకు వెళ్లాను. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కుతుంటే బ్యాటరీ గబగబా పడిపోయి, అనంతగిరి రాకముందే ఫోన్ ఆగిపోయింది. రైడ్‌లు నమోదు చేసే యాప్‌లో దారి సగమే రికార్డయింది. వాచ్ కొనమంటారా?

జవాబు: వద్దు. చలికాలం వస్తే చాలు, ఇదే ఫిర్యాదు. ఘాట్‌లో సిగ్నల్ పోయినప్పుడల్లా ఫోన్ టవర్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తినేస్తుంది. ఎస్.కోటలో టీకి ఆగినప్పుడే ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి. జీపీఎస్‌కు టవర్‌తో పని లేదు, రైడ్ రికార్డవుతూనే ఉంటుంది. లొకేషన్ ఆన్‌లో ఉందో లేదో మాత్రం చూసుకోండి, మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. స్క్రీన్ ఆర్పి జేబులో వేసుకోండి, గాలికొండ ఎక్కుతూ నిమిషానికోసారి స్పీడు చూసుకోవాల్సిన పనేముంది? అనంతగిరిలో ఆగి ఇంటికి ఒక ఫోన్ చేస్తే వాళ్లకూ కంగారుండదు.

మీరు పంపిన ఆ యాప్ స్క్రీన్‌షాట్ చూశాక మాత్రం నాకు టెన్షన్ పట్టుకుంది. రైడ్ గీత సరిగ్గా మీ ఇంటి గేటు దగ్గర మొదలైంది. ప్రొఫైల్ పబ్లిక్, సైకిల్ మోడల్ కూడా రాసి ఉంది. అంటే ఏ ఇంట్లో ఎంత ఖరీదైన సైకిల్ ఉందో, ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరిన మనిషి చీకటి పడేదాకా రాడని, ముక్కూమొహం తెలియనివాడు కూడా చూసి తెలుసుకోవచ్చు. 2017 నవంబరులో ఇలాంటి యాప్ ఒకటి విడుదల చేసిన హీట్‌మ్యాప్‌లో (జనం తిరిగిన దారులు వెలుగుతూ కనిపించే మ్యాప్) సిరియా, అఫ్గానిస్థాన్‌లలోని సైనిక స్థావరాలు 2018 జనవరిలో బయటపడ్డాయి. అందులో ఎవరి పేరూ లేదు, సైనికులు పరుగెత్తిన దారులే పట్టించాయి.

మొదలు, చివర దాచే ఆప్షన్ ఉంటుంది, కానీ 200 మీటర్లు చాలవు. దాచిన వలయానికి ఇల్లే కేంద్రమైతే, నాలుగు దిక్కులకు వెళ్లిన నాలుగు రైడ్లలో గీత తెగిన చోట్లు కలిపి ఇల్లెక్కడో లెక్కకట్టేయొచ్చు. ఖాతా తెరవగానే అన్నీ పబ్లిక్‌గా పెట్టి, దాచుకునే బటన్‌ను నాలుగు మెనూల లోపల పడేసే డిజైన్ అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇంట్లో ఎవరున్నారో ఎవరు లేరో ఊరందరికీ చెప్పడం డిఫాల్ట్ ఎలా అవుతుంది?

రికార్డింగ్ పెందుర్తి దాటాకే నొక్కండి. లెక్కలో కొన్ని కిలోమీటర్లు తగ్గుతాయి, తగ్గనివ్వండి. పాత రైడ్లు కూడా ఒక్కొక్కటి తెరిచి చూసి, గేటు కనిపిస్తున్నవన్నీ ఈ రాత్రికే దాచేయండి.