సందేహాలు – సమాధానాలు: సున్న ఏ గడిలో ఉంది?

ప్రశ్న: మా పొలం పాసుపుస్తకంలో విస్తీర్ణం 2.05 ఎకరాలని ఉంది. రెండున్నర ఎకరాలనే ఇన్నాళ్లూ అనుకున్నాం. సర్వేయరు కాదంటున్నారు. సున్నకు విలువే లేనప్పుడు తేడా ఎలా వస్తుందండీ?
– ఒక రైతు, కందుకూరు

జవాబు: సర్వేయరు చెప్పిందే సరి. ఎకరానికి వంద సెంట్లు. చుక్క తర్వాత మొదటి గడి పదేసి సెంట్లది, రెండోది విడి సెంట్లది. 2.05లో పదుల గడి ఖాళీ, విడి సెంట్లు అయిదు. అంటే మీది రెండెకరాల అయిదు సెంట్లు. రెండున్నరైతే 2.50 అని ఉండాలి. తేడా 45 సెంట్లు, అంటే 19,602 చదరపు అడుగులు! సున్న తనంతట తాను ఏమీ కలపదు, అయిదును దాని గడిలోనే నిలబెడుతుంది. అందుకే 2.50లో చివరి సున్న కొట్టేసినా ఏమీ కాదు, 2.05లో మధ్య సున్న కొట్టేస్తే కొంప మునుగుతుంది. దస్తావేజులో అంకెలతో పాటు అక్షరాల్లోనూ రాయించుకోండి.

వడ్ల లెక్కలో దీనికి తిరగేసిన పొరపాటు ఉంది. మూడు పుట్ల అయిదు తూములను 3.5 పుట్లని రాసేస్తుంటారు. పుట్టికి ఇరవై తూములు కాబట్టి అయిదు తూములంటే పావు పుట్టే, 3.25 అని రాయాలి. నెల్లూరు పుట్టి 850 కిలోలు. ఆ ఒక్క అంకెతో 212.5 కిలోల వడ్లు అటూ ఇటూ అవుతాయి. పదులతో నడవని కొలతకు చుక్క పెట్టాలంటే ముందు భాగించుకోవాలి, ఇక్కడ 5ను 20తో. రూపాయికి పదహారణాలున్నప్పుడూ ఇదే తంటా. 1957 ఏప్రిల్ 1న వంద నయాపైసలు వచ్చాక అది వదిలింది.

ప్రశ్న: సున్నను కనిపెట్టింది ఆర్యభటుడేనా?
– డిగ్రీ విద్యార్థిని, కావలి

జవాబు: అలా ఒక్కరి పేరు చెప్పలేం. ఖాళీ గడికి గుర్తు పెట్టడం బాబిలోనియా వాళ్లకూ తెలుసు, కాకపోతే వాళ్లది అరవైల లెక్క. ఆర్యభటుడు 499 నాటి గ్రంథంలో ‘స్థానాత్ స్థానం దశగుణం స్యాత్’ అన్నాడు: ఒక్కో స్థానం ముందుదానికి పదింతలని. సున్నను కూడికలు, తీసివేతలు చేయదగ్గ సంఖ్యగా తీసుకుని సూత్రాలు రాసింది 628లో బ్రహ్మగుప్తుడు. నా దృష్టిలో అసలు మలుపు అదే. గ్వాలియర్ కోటలోని చతుర్భుజ ఆలయంలో 876 నాటి శాసనం ఉంది. తోట పొడవు 270 మూరలని, రోజుకు 50 పూలదండలని అందులో చెక్కారు. సున్నలు మాత్రం పక్క అంకెల కన్నా చిన్నవి, గుండ్రటివి. మనం రాసే సున్నే!

ప్రశ్న: సున్నతో ఎందుకు భాగించకూడదు?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, ఒంగోలు

జవాబు: పెద్దపెద్దవాళ్లే తడబడిన చోటిది బాబూ. సున్నను సున్నతో భాగిస్తే సున్న అన్నాడు బ్రహ్మగుప్తుడు. ఏ సంఖ్యనైనా సున్నతో భాగిస్తే అది మారదన్నాడు మహావీరాచార్యుడు. పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చింది ఈయన గణితాన్నే. సున్నతో భాగిస్తే వచ్చేదాన్ని భాస్కరాచార్యుడు ‘ఖహరం’ (సున్న హారంగా ఉన్నది) అని, అనంతమని అన్నాడు.

నువ్వే సరిచూసుకో. 12ను 3తో భాగిస్తే 4, ఎందుకంటే 4ను 3తో గుణిస్తే 12 తిరిగొస్తుంది. మరి 12ను 0తో భాగించి ఏ జవాబు రాసినా, దాన్ని 0తో గుణిస్తే 0 వస్తుంది గానీ 12 రాదు. అంటే జవాబే లేదు. 0ను 0తో భాగిస్తే చిక్కు వేరు: 7 రాసినా సరిపోతుంది, 700 రాసినా సరిపోతుంది. అందుకే రెండింటికీ క్యాలిక్యులేటర్ ‘ఎర్రర్’ అంటుంది.