మొదటి బట్టీ పెట్టబోయే మేనల్లుడికి

నాయనా,

బొగ్గుల బట్టీ పెడతానని రాశావు, చాలా సంతోషమేసింది. ఒక్క మాట ముందే చెబుతాను. నిప్పు ఎవరైనా ముట్టిస్తారు, మన పనంతా గాలిని అదుపులో పెట్టడమే. కర్రకు వేడి తగలాలి, గాలి మాత్రం లెక్కగా అందాలి. ఎక్కువైతే మిగిలేది బూడిదే.

చెట్టును నేలకు దగ్గరగా, ఏటవాలుగా నరుకు. మోడు మీద నీళ్లు నిలవకపోతే కుళ్లదు, మళ్లీ చిగురిస్తుంది. కొట్టిన కర్రను కొన్ని నెలలు ఆరనివ్వు. పచ్చిదైతే అందులోని నీటిని తరమడానికే బోలెడు కర్ర కాలిపోతుంది.

మధ్యలో గుంజ పాతి, చుట్టూ కర్రలు నిలబెట్టి పేర్చు. లావువి లోపలికి, సన్నవి బయటికి. సందుల్లో పుల్లలు కూరు. పైన పచ్చి ఆకు దట్టంగా పరిచి, అర జానెడు మందాన మట్టి కప్పు. ఒట్టి ఇసుక జారిపోతుంది, ఒట్టి బంకమన్ను బీటలిస్తుంది. రెండూ కలిసిన మన్ను వెతుక్కో. కింద చుట్టూ చిన్న బొరియలు వదులు. గుంజ పీకేసి ఆ ఖాళీలో నిప్పులు పోసి, అంటుకున్నాక మూసెయ్యి.

ఇక పొగను చూడడమే పని. మొదట తెల్లగా, దట్టంగా వస్తుంది. అది నీటి ఆవిరి. తర్వాత పసుపు తిరిగి, కళ్లు మండేంత ఘాటెక్కుతుంది. అప్పటికి లోపల 280 డిగ్రీలు దాటి, కర్ర తన వేడితో తానే మాగుతుంటుంది. చివరికి పొగ పల్చబడి నీలంగా మారుతుంది. ఏ బొరియ దగ్గర నీలం కనిపిస్తే అక్కడ బొగ్గే కాలడం మొదలైందని అర్థం, వెంటనే మట్టి కొట్టు. గాలి వీచే వైపు బొరియలు ముందే తగ్గించు. మట్టి ఎక్కడైనా కుంగితే ఆలస్యం చేయకుండా ఆకు, మన్ను వేసి పూడ్చు. రాత్రిళ్లు ఒక్కడివే కాపలా ఉండకు, ఇద్దరు వంతులేసుకోండి.

బట్టీ మీదికి మాత్రం ఎక్కొద్దు. లోపల గుల్లగా ఉంటుంది, కాలు దిగబడిపోతుంది. పొగ పోయే వైపు పడుకోవద్దు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ రెండింటిలో నా మాట దాటకు.

అన్నీ మూశాక తొందరపడి తవ్వకు. మట్టి పూర్తిగా చల్లబడాలి. వేడి ఉండగా గాలి సోకితే బొగ్గు మళ్లీ రాజుకుంటుంది. నీళ్లు, మట్టి దగ్గరుంచుకుని కొంచెం కొంచెంగా తియ్యి. తీసింది ఒక రోజంతా బయటే ఉంచి, తర్వాతే కొట్టంలో పెట్టు.

రెండు ముక్కలు తాటించి చూడు. మంచి బొగ్గు ఖంగుమంటుంది, విరిస్తే లోపల నల్లగా మెరుస్తుంది. గోధుమరంగు ముక్కలు సగమే కాలినవి. పారేయకు, వచ్చే బట్టీలో పేర్చుకో. వంద కిలోల ఎండు కర్రకు 15 కిలోల బొగ్గు వచ్చినా మట్టి బట్టీకి అది తక్కువేం కాదు. తూచి, ఎంతొచ్చిందో నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ మామయ్య