టేపు చెప్పే 0.79, అమ్మమ్మ చెప్పే జ్వరం

ప్రశ్న: నా వయసు 24. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ఉద్యోగం. ఫిబ్రవరిలో పెళ్ళి. నడుము కొలతని హిప్స్ కొలతతో భాగిస్తే 0.7 రావాలని, అదే అసలైన అందమని, సైన్స్ కూడా అదే చెప్పిందని ఒక రీల్‌లో విన్నాను. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే టేపుతో కొలుచుకుంటున్నాను. నాది 0.79. మూడు నెలలుగా రాత్రి భోజనం మానేసి ఆరు కిలోలు తగ్గినా ఆ అంకె కదలట్లేదు. రెండు నెలలుగా పీరియడ్స్ రాలేదు. దసరాకి ఇంటికెళితే అమ్మమ్మ "జ్వరమొచ్చి లేచినదానిలా ఉన్నావేంటే" అంది. ఏడుపొచ్చేసింది. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ముందు ఆ రెండు నెలల సంగతి చూద్దాం. నడుము ఎక్కడికీ పోదు. తిండి బాగా తగ్గించి త్వరగా బరువు తగ్గితే నెలసరి ఆగిపోవచ్చు. మీకు కారణం అదేనా, థైరాయిడ్ లాంటిది ఇంకేమైనా ఉందా అన్నది గైనకాలజిస్టే తేల్చాలి. రాత్రిళ్ళు తినట్లేదన్న మాట ఆవిడ దగ్గర దాచకండి. చాలామంది అమ్మాయిలు 'పెళ్ళి టెన్షన్ అండీ' అని సరిపెట్టేస్తారు, అందుకే చెబుతున్నా.

ఇక 0.7. అది రీల్ వాళ్ళు పుట్టించిన అంకె కాదు. అమెరికాలో పనిచేసిన దేవేంద్ర సింగ్ అనే సైకాలజిస్ట్ 1993లో మగవాళ్ళకు ఆడవాళ్ళ గీత బొమ్మలు చూపించి ఏది బాగుందని అడిగితే, 0.7 ఉన్న బొమ్మలకే ఎక్కువ మార్కులు పడ్డాయి. మీ రీల్ అక్కడితో ఆగిపోయింది. 1998లో ఇద్దరు పరిశోధకులు అలాంటి బొమ్మలే పట్టుకుని పెరూ అడవుల్లో, బయటి ప్రపంచంతో పెద్దగా సంబంధం లేని మాట్సిగెంకా తెగవాళ్ళ ఊరికి వెళ్ళారు. అక్కడి మగవాళ్ళకు లావుగా, నడుము దగ్గర కూడా వెడల్పుగా ఉన్న బొమ్మలే నచ్చాయి. సన్న నడుము బొమ్మను చూసి, ఈమెకు జ్వరమొచ్చి చిక్కిపోయినట్టుంది అన్నారట. అచ్చం మీ అమ్మమ్మగారి మాట! బయటివాళ్ళతో కలిసిమెలిసి బతుకుతున్న మాట్సిగెంకాల ఇష్టాలు మాత్రం అమెరికావాళ్ళ ఇష్టాల వైపు జరిగాయి.

మనమేమీ తక్కువ కాదు. ప్రబంధ కవులు నడుము ఉందా లేదా అన్నంత సన్నం చేశారు. రామప్ప గుడి మదనికలు పొడుగ్గా, నాజూగ్గా ఉంటాయి (రాతి బొమ్మలకు రాత్రిపూట ఆకలెయ్యదు, అది వేరే సంగతి). 1950ల్లో, 60ల్లో అదే మనవాళ్ళు బొద్దుగా ఉన్న సావిత్రిగారిని నెత్తిన పెట్టుకున్నారు. మీ అమ్మమ్మగారి రోజుల్లో పెళ్ళైన పిల్ల 'ఒళ్ళు చేసింది' అంటే అత్తారింట్లో కడుపునిండా తింటోందని మెప్పు. ఆ మాటే ఇవాళ మీ ఆఫీసులో అని చూడండి!

మీ అంకె ఎందుకు కదలట్లేదంటే, బరువు తగ్గినప్పుడు నడుమూ తగ్గుతుంది, హిప్సూ తగ్గుతాయి. తుంటి ఎముక వెడల్పు ఎన్ని పూటలు పస్తున్నా మారదు. ఆరోగ్యం కోసమే ఈ కొలత చూస్తే ఆడవాళ్ళకు 0.85 దాటితే జాగ్రత్త పడమంటారు. మీరు దానికి చాలా ఇవతలే ఉన్నారు.

అలాగని అమ్మమ్మగారి తీర్పుకి తలొగ్గి పెళ్ళిలోపు ఒళ్ళు చెయ్యమనీ అనను. ఆవిడ కళ్ళల్లోనూ ఒక టేపు ఉంది. కాకపోతే ఈసారి ఆవిడకి కనిపించిన నీరసం నిజం.

టేపు తీసి రూమ్మేట్‌కి ఇచ్చేయండి. బ్లౌజ్ కొలతలు టైలర్ ఒక్కసారి తీసుకుంటే చాలు, లోపల కాస్త గుడ్డ వదలమనండి. ఇవాళ రాత్రి పెరుగన్నమైనా సరే, కూర్చుని తినండి. తిన్నాక తప్పు చేసినట్టు అనిపించినా, వాంతి చేసుకోవాలనిపించినా సైకాలజిస్టుని కూడా కలవాల్సిందే.

ఇంకోటి. ఇంత పెద్ద ఉత్తరంలో రీల్ ఉంది, అమ్మమ్మ ఉంది, పెళ్ళికొడుకు మాట ఒక్కటీ లేదు. ఆయన ఏమైనా అన్నారా, లేక ఏమంటారోనని మీరే ఊహించుకుంటున్నారా? డాక్టర్ దగ్గరికి వెళ్తున్నానని ఆయనతో ఒకసారి చెప్పి చూడండి. ఆయన ఏమన్నారో నాకు రాయండి.