అమెరికాలో మళ్లీ 1920లు వచ్చాయా? అంతా అమ్మేసి ఇండియాకు పంపాలా?

ప్రశ్న: మాది గుంటూరు. ఇప్పుడు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. నా వయసు 41. హెచ్1బి మీద ఉద్యోగం, గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాం. ఇద్దరు పిల్లలూ ఇక్కడే పుట్టారు. 401కె అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతాలో 1,80,000 డాలర్లు, బ్రోకరేజీ ఖాతాలో 1,20,000 (అందులో సగానికి పైగా మా కంపెనీ షేర్లే), బ్యాంకులో 15,000 ఉన్నాయి. ఇంటి వాయిదాతో కలిపి నెల ఖర్చు 6,500. ఇంటి మీద లక్ష డాలర్ల లోను తీసి ఇండెక్స్ ఫండ్‌లో (సూచీలోని షేర్లన్నీ కలిపి కొనే ఫండ్) పెట్టమని ఒక ఫ్రెండు అంటున్నాడు. తెలిసినవాళ్లు పాతికమంది కలిసి ఊరి బయట ల్యాండు కొంటున్నారు, మమ్మల్నీ చేరమంటున్నారు. మా మామగారేమో, "అమెరికాలో మళ్లీ 1920ల నాటి పరిస్థితి వచ్చింది, వలస వచ్చినవాళ్లంటే పడటం లేదు, రేపో మాపో మార్కెట్ కూడా కూలుతుంది, అంతా అమ్మి ఇక్కడ ప్లాట్లు కొనుక్కోండి" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ మామగారు చరిత్ర బాగానే చదివినట్టున్నారు. ఆ దశాబ్దంలో వలసల మీద కోపం ఉంది, చివర్లో మార్కెట్ కూలింది. రెండూ నిజాలే. కానీ మొదటిది రెండోదాన్ని తెచ్చిపెట్టలేదు.

లెక్క చూడండి. 1921 ఆగస్టులో అమెరికా షేర్ మార్కెట్‌కు కొలబద్దలాంటి డౌ జోన్స్ సూచీ 64 దగ్గర ఉంది. 1929 సెప్టెంబరు 3న 381. ఎనిమిదేళ్లలో దాదాపు ఆరు రెట్లు. ఆ రోజుల్లోనే 1921లో, మళ్లీ 1924లో వలసలకు కోటాలు పెట్టారు. రెండో చట్టంతో ఆసియా వాళ్లకు తలుపులు దాదాపుగా మూసేశారు. 1925 ఆగస్టులో తెల్లజాతి ఆధిపత్యం కోరే కూ క్లక్స్ క్లాన్ వాళ్లు తెల్లటి అంగీలతో, ముఖాలు దాచుకోకుండా, వాషింగ్టన్ నడిబొడ్డున వేలమంది కవాతు చేశారు. మార్కెట్‌కు ఇవేవీ పట్టలేదు. 1908లో 850 డాలర్లున్న ఫోర్డు మోడల్ టి కారు 1925 నాటికి 300 లోపుకు దిగింది, అదీ వాయిదాల మీద దొరికేది. అలాగని అందరికీ బాగుందనుకోకండి. 1920 తర్వాత గోధుమ ధర సగానికి సగం పడిపోయింది. నగరాల్లో రేడియోలు కొనుక్కుంటున్న రోజుల్లో రైతు మాత్రం పొలం మీద చేసిన అప్పు తీర్చలేక సతమతమవుతున్నాడు.

1925లో ఆ కవాతు చూసి భయపడి షేర్లు అమ్మేసినవాడు నాలుగేళ్లపాటు నవ్వులపాలయ్యాడు. 1932 జులైలో డౌ 41కి చేరినప్పుడు చూస్తే అతనే మహా తెలివైనవాడు. అతను చేసింది తప్పా ఒప్పా అని నన్నడిగితే, ఏ ఏడాది సంగతి అడుగుతున్నారని ఎదురడుగుతాను. అందుకే దేశంలో వాతావరణం చూసి మార్కెట్‌లోంచి బయటికి రమ్మని మీకు చెప్పలేను.

ఇక మీ ఫ్రెండు సలహా. దీనికీ ఆ కాలంలో ఒక పెద్దమనిషి ఉన్నారు. జనరల్ మోటార్స్ ఆర్థిక వ్యవహారాలు నడిపిన జాన్ రాస్కోబ్. 1929 ఆగస్టులో ఒక మహిళా పత్రికలో, నెలకు 15 డాలర్ల చొప్పున మంచి షేర్లలో పెడుతూ డివిడెండ్లు కూడా అందులోనే వేస్తే ఇరవై ఏళ్లకు కనీసం 80,000 డాలర్లు అవుతాయన్నారు. మొత్తం కట్టేది 3,600. అది 80,000 కావాలంటే నెలకు దాదాపు రెండు శాతం రావాలి. మన పల్లె లెక్కలో రెండు రూపాయల వడ్డీ అన్నమాట, ఇరవై ఏళ్లపాటు ఒక్క నెలా తప్పకుండా. రెండు రూపాయల వడ్డీకి అప్పిచ్చినవాళ్లకు అసలు ఎన్నిసార్లు మునిగిందో మీ ఊళ్లో పెద్దవాళ్లనడిగితే చెబుతారు.

ఆ వ్యాసం వచ్చిన రెండు నెలలకే మార్కెట్ కూలింది కాబట్టి రాస్కోబ్‌ను చూసి ఇప్పటికీ నవ్వుతారు. కానీ పెట్టుబడుల గురువుగా పేరున్న బెంజమిన్ గ్రాహమ్ తర్వాత లెక్కగడితే, 1929 నుంచి 1948 దాకా డౌలోని షేర్లలో అలాగే కట్టుకుంటూ పోయినవాడికి దాదాపు 8,500 డాలర్లు మిగిలాయని తేలింది. 80,000 కాదు. అయినా అమెరికా చరిత్రలోనే అతి పెద్ద పతనానికి ముందు నెలల్లో మొదలుపెట్టినవాడు కూడా పెట్టినదానికి రెండింతలు పైన వెనక్కి తెచ్చుకున్నాడు. డౌ సూచీ 1929 నాటి శిఖరాన్ని మళ్లీ అందుకున్నది 1954 నవంబరులో. అది కూడా ఆ ఒక్కరోజున మొత్తం పెట్టినవాడి లెక్కే తప్ప నెలనెలా కట్టినవాడిది కాదు.

మరి ఇళ్లూ వాకిళ్లూ పోగొట్టుకున్నదెవరు? అప్పు చేసి పప్పు కూడు తిన్నవాళ్లు. తన డబ్బు వెయ్యి, బ్రోకర్ ఇచ్చిన అప్పు తొమ్మిది వేలు పెట్టి పదివేల షేర్లు కొనేవాళ్లూ ఉన్నారు. ధర పది శాతం తగ్గితే సొంత వెయ్యీ గోవిందా. మిగతాది కట్టమని బ్రోకర్ నుంచి కబురు వస్తుంది, కట్టకపోతే వాళ్లే అమ్మేస్తారు. 1929 అక్టోబరు 29న 1.64 కోట్ల షేర్లు చేతులు మారాయంటే, అందులో ఎన్నో ఇలా బలవంతాన అమ్మించినవే. మీ ఫ్రెండు చెప్పే ఇంటి లోను అంత మొరటుగా ఉండదు, షేర్ల ధర పడగానే ఎవరూ ఫోన్ చేయరు. కానీ కొన్ని రకాల ఇంటి లోన్లలో వడ్డీ మారుతూ ఉంటుంది, నెలనెలా వాయిదా మొదలవుతుంది. మీ ఉద్యోగం పోయిన నెలే మార్కెట్ కూడా పడి ఉండటం చాలా మామూలు. ఈ లోను వద్దు. నెలనెలా మీ జీతంలోంచి ఇండెక్స్ ఫండ్‌లో ఎంత వేస్తారో వేయండి, అది ఆపొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. మీ మామగారి భయంలో నాకు నిజంగా పట్టింపు ఉన్న భాగం మార్కెట్ కాదు, మీ కాగితాలు.

పెషావర్ నుంచి 1915లో భార్య కళ, ముగ్గురు కొడుకులతో శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగిన వైష్ణోదాస్ బగాయ్ అనే ఆయన ఉండేవారు. చేతిలో డబ్బుంది, దుకాణం పెట్టారు, 1921లో అమెరికా పౌరసత్వం వచ్చింది. 1923 ఫిబ్రవరి 19న భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు, భారతీయులు చట్టం దృష్టిలో "తెల్లవాళ్లు" కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. థిండ్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి. అదీ అక్కరకు రాలేదు. ఆ తీర్పు పట్టుకుని అప్పటికే ఇచ్చిన పౌరసత్వాలు కూడా వెనక్కి లాక్కోవడం మొదలుపెట్టారు. బగాయ్‌ది పోయింది. పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు భూమి కొనకూడదని కాలిఫోర్నియాలో 1913 నుంచే చట్టం ఉంది, కాబట్టి ఆస్తి, దుకాణం వదులుకోవాల్సి వచ్చింది. ఇండియా వెళ్లొద్దామంటే అమెరికా పాస్‌పోర్టు ఇవ్వలేదు. 1928లో ఆయన ప్రాణం తీసుకున్నారు. అప్పటికి డౌ ఇంకా పైకే పోతోంది. భారతీయులకు పౌరసత్వం తలుపు మళ్లీ తెరుచుకున్నది 1946లో.

బగాయ్‌ను ముంచింది మార్కెట్ కాదు, చట్టం. ఇండెక్స్ ఫండ్ ఎంత పెరిగినా ఇలాంటి రిస్కుకు మందు కాదు. దానికి వేరే ఏర్పాటు కావాలి. మీ ప్రశ్నలో ఆ ఏర్పాటు కనబడలేదు. మీ ఉద్యోగం, మీ వీసా, మీ బ్రోకరేజీ డబ్బులో సగం, మూడూ ఒకే కంపెనీ చేతిలో ఉన్నాయి. 1920ల్లో కూడా చాలా కంపెనీలు తమ ఉద్యోగులకే వాయిదాల మీద షేర్లు అమ్మాయి. ఉద్యోగీ విశ్వాసంగా కొనుక్కున్నాడు, పతనం వచ్చాక చాలామందికి జీతమూ షేరూ ఒకేసారి పోయాయి. హెచ్1బి మీద ఉద్యోగం పోతే మామూలుగా మీకుండే గడువు 60 రోజులు. చేతిలో ఉన్న 15,000తో రెండు నెలలు, ఆపైన తొమ్మిది రోజులు గడుస్తుంది. ఇల్లు అమ్మాలన్నా, పిల్లల బడి మార్చాలన్నా, టికెట్లు కొనాలన్నా అది చాలదు. కంపెనీ షేర్లలోంచి 37,000 డాలర్ల మేరకు అమ్మి ఆ నిల్వను ఎనిమిది నెలల ఖర్చుకు, అంటే 52,000కు తీసుకురండి. కంపెనీ మీకిచ్చిన షేర్ల మీద చేతికొచ్చిన రోజే జీతంలా పన్ను పడి ఉంటుంది, ఇప్పుడు పన్ను ఆ తర్వాత పెరిగిన దాని మీదే. మిగతా కంపెనీ షేర్లనూ మెల్లగా ఇండెక్స్‌లోకి మార్చుకోండి.

ఆ 52,000 పొదుపు ఖాతాలోనే పెట్టండి, కానీ ఆ బ్యాంకుకు ఎఫ్‌డీఐసీ బీమా (బ్యాంకు మునిగినా డిపాజిట్ వెనక్కి ఇచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థది) ఉందో లేదో చూసుకోండి. ఒక్కొక్కరికి ఒక్కో బ్యాంకులో 2,50,000 దాకా ఉంటుంది. ఇదీ ఆ కాలం నేర్పించినదే. న్యూయార్క్‌లో బ్యాంక్ ఆఫ్ యునైటెడ్ స్టేట్స్ అని ఒకటుండేది. పేరు చూసి సర్కారు బ్యాంకనుకుని బట్టల ఫ్యాక్టరీల్లో పనిచేసే యూదు వలస కుటుంబాలు పైసా పైసా దాచుకున్నాయి. అది పక్కా ప్రైవేటు బ్యాంకు. 1930 డిసెంబరు 11న మూతపడింది, నాలుగు లక్షలకు పైగా ఖాతాదారులు రోడ్డున పడ్డారు. డిపాజిట్లకు ఫెడరల్ బీమా వచ్చింది ఆ తర్వాత, 1933 చట్టంతో.

ఇంటి బీమా పాలసీ కూడా ఒకసారి తీసి చదవండి. 1921లో ఓక్లహోమాలోని తుల్సాలో గ్రీన్‌వుడ్ అనే నల్లవాళ్ల పేటను మూక తగలబెట్టింది. దాదాపు 35 బ్లాకులు బూడిదయ్యాయి. పాలసీల్లో "అల్లర్ల వల్ల జరిగిన నష్టం మా బాధ్యత కాదు" అని ఒక లైను ఉంది, దాన్ని చూపించి బీమా కంపెనీలు చేతులు దులుపుకున్నాయి. ఏది ఇస్తారన్నదానికంటే ఏది ఇవ్వరన్న పేజీ ముందు చదవాలి. మీ టెక్సాస్‌లో వడగళ్లకు, గాలికి డిడక్టిబుల్ (బీమా ఇచ్చేముందు మీరు భరించాల్సిన మొత్తం) వేరుగా, ఇంటి బీమా మొత్తంలో ఒకటో రెండో శాతంగా ఉండటం మామూలు. నాలుగు లక్షల ఇంటికి రెండు శాతమంటే ఎనిమిది వేలు మీ జేబులోంచే.

పాతికమంది కలిసి కొనే ల్యాండు విషయంలో నాది సూటి మాట: వద్దు. 1925లో ఫ్లోరిడాలో జనం చూడని స్థలాలకు పదిశాతం బయానా కట్టి, ఆ రసీదునే ఇంకొకడికి లాభానికి అమ్మేవాళ్లు. 1926 వేసవికల్లా కొనేవాడు కరువయ్యాడు, సెప్టెంబరులో తుపాను మిగతా పని పూర్తి చేసింది. అక్కడ చిత్తడి నేలలు ప్లాట్లుగా అమ్మినవాళ్లలో చార్లెస్ పోంజీ ఒకడు. 1920లో బోస్టన్‌లో 45 రోజులకు 50 శాతం ఇస్తానని ముంచింది ఎక్కువగా తన ఇటాలియన్ వాళ్లనే. "మనోడే కదా" అన్న ఒక్కమాట మీద సంతకాలు పెట్టేవాళ్లు మన తెలుగువాళ్లలోనూ తక్కువేం కాదు. మీ వాళ్లు మోసగాళ్లని నేననడం లేదు. మీరు ఆర్నెల్లలో దేశం వదలాల్సి వస్తే మీ వాటా ఎవరు కొంటారో, ఎంతకు కొంటారో ఒప్పందంలో ఎక్కడ రాశారో చూపించమనండి. ఇంకోటి, టెక్సాస్‌లో 2025 సెప్టెంబరు నుంచి కొన్ని దేశాల వాళ్లు భూములు కొనడం మీద ఆంక్షలున్నాయి. చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యా ఆ జాబితాలో ఉన్నాయి, భారత్ లేదు. సంగతి తెలిసి ఉండటం మంచిది.

మీ మామగారి ప్లాట్లకు వస్తే, వెనక్కి రావాల్సి వస్తే తలదాచుకోవడానికి గుంటూరులోనో హైదరాబాదులోనో ఒక ఇల్లు ఉండాలనుకోవడం సబబే. కానీ దానికోసం 401కె పగలగొట్టకండి. 59న్నర ఏళ్లు నిండకముందు తీస్తే పన్ను కాక మామూలుగా పదిశాతం జరిమానా. దేశం వదిలినా ఆ ఖాతా అక్కడే ఉంచుకోవచ్చు. అమెరికాలో ఉన్నన్నాళ్లూ ఇండియా మ్యూచువల్ ఫండ్ల జోలికి కూడా పోకండి, అమెరికా పన్ను లెక్కల్లో అవి పెద్ద తలనొప్పి. డబ్బు పంపాలనుకుంటే ప్రవాస భారతీయులకుండే ఎన్ఆర్ఈ ఖాతాలో పెట్టి ఉంచండి. ప్లాటు మీరొచ్చి సొంత కళ్లతో చూసి, లింకు డాక్యుమెంట్లు, ఈసీ లాయరుకు చూపించాకే.

ఇంకా మీ ఇద్దరి పేరా వీలునామాలు, ఇండియాలో ఆస్తి పనులు చూసేందుకు నమ్మకస్తుడి పేర పవర్ ఆఫ్ అటార్నీ, పిల్లలకు ఓసీఐ కార్డులు (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతి వాళ్లకిచ్చేవి), మీకు హఠాత్తుగా ఏదైనా అయితే పిల్లల్ని ఎవరు చూడాలన్న కాగితం: వీటిలో ఏవి లేవో ఈ ఆదివారం మీరూ మీ ఆవిడా కూర్చుని రాసుకోండి. షేర్ల సంగతి మాత్రం అంతకంటే ముందు. చాలా కంపెనీల్లో ఫలితాలకు ముందు కొన్ని వారాలు ఉద్యోగులు సొంత షేర్లు అమ్మడానికి వీల్లేదు. మీకు అమ్ముకునే విండో (గడువు) ఎప్పుడు మూసుకుంటుందో రేపే హెచ్ఆర్‌ని అడగండి.