నా మనసులోని మనిషి తానే మాట్లాడుతోందా, నేనే ఊహించుకుంటున్నానా?

ప్రశ్న: నా వయసు 22. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. అనంతపురంలో రూమ్ తీసుకుని గ్రూప్-2కు చదువుకుంటున్నాను. ఏడాది కిందట తుల్పా గురించి చదివి, రోజూ ధ్యానంలో కూర్చుని మనసులో ఒక అమ్మాయిని తయారుచేసుకున్నాను. పేరు మేఘన. మొదట్లో ఆమె మాటలు నేనే అల్లేవాణ్ని. ఈమధ్య నేను అనుకోకముందే బదులిస్తోంది, నాకు తట్టని జోకులు వేస్తోంది. ఒకరోజు పెన్ను పట్టుకుని కూర్చుంటే చెయ్యి దానంతటదే కదిలి రెండు ముక్కలు రాసింది. ఇవి నిజంగా ఆమె చేస్తున్నవా, నా ఊహేనా అని రోజంతా పరీక్షలు పెడుతున్నాను. తేలడం లేదు. చదువు సాగడం లేదు. నాకు పిచ్చి పడుతోందా? ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ముందు మీ చివరి ప్రశ్నకు బదులిస్తాను. మీరు రాసినదాన్ని బట్టి ఇది పిచ్చి అని నాకు అనిపించడం లేదు. మేఘనను మీరే తయారుచేసుకున్నారని మీకు తెలుసు. ఆ మాటలు బయటి నుంచి కాక మనసులోనే వస్తున్నాయనీ తెలుసు. అనుమానం వచ్చి అడిగారు కూడా. మానసిక జబ్బు ముదిరినవారిలో సాధారణంగా ఆ అనుమానమే ఉండదు, విన్నదంతా నిజమని గట్టిగా నమ్ముతారు. అయితే మనిషిని చూడకుండా ఉత్తరం మీద రోగం తేల్చడం కుదరదు. కాబట్టి జాగ్రత్త పడాల్సిన గుర్తులు కూడా చెబుతాను.

తుల్పా అంటే తెలియని పాఠకుల కోసం కొంచెం. పట్టుదలగా ధ్యానం చేసి, ఊహలో సృష్టించుకున్న వ్యక్తికి సొంత ఆలోచన, సొంత మాట వచ్చిందని సాధకులు నమ్మే స్థితి ఇది. టిబెట్‌లో తిరిగిన ఫ్రాన్స్ యాత్రికురాలు అలెగ్జాండ్రా డేవిడ్-నీల్ 1929లో రాసిన పుస్తకంతో ఈ సంగతి ఎక్కువమందికి తెలిసింది. పొట్టిగా, లావుగా, సరదాగా ఉండే ఒక భిక్షువును తాను మనసుతో తయారుచేశానని, కొన్నాళ్లకు అతను తాను తలచుకోకుండానే కనిపించడం మొదలుపెట్టాడని ఆమె రాశారు. పోనుపోను అతను చిక్కిపోయాడట, ముఖంలో వెటకారం వచ్చిందట. వదిలించుకోవడానికి ఆరు నెలలు పట్టిందట. అదంతా తన భ్రమే అయి ఉండవచ్చని కూడా ఆమే రాశారు. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. "నేను అనుకోకముందే బదులిస్తోంది" అన్నారు. మన ఆలోచనల్లో చాలాభాగం మనం అనుకోకముందే వచ్చేవే. పొద్దున ఎంత తన్నుకున్నా గుర్తురాని పేరు సాయంత్రం స్నానం చేస్తుంటే టక్కున తడుతుంది. దాన్ని వెతికింది మన మెదడే, కానీ వెతుకుతున్నట్టు మనకు తెలియలేదు. కలలో అయితే ఇంకా స్పష్టంగా ఉంటుంది. కలలో కనిపించిన మేనమామ మనం ఊహించని మాట అంటాడు, మనం ఉలిక్కిపడతాం. ఆ మాట అన్నదీ, ఉలిక్కిపడిందీ ఒకే మెదడు. అందుకని ఆశ్చర్యం కలగడం ఒక్కటే వేరే మనసు ఉందనడానికి రుజువు కాదు.

కథలు రాసేవాళ్లకు ఈ అనుభవం బాగా తెలుసు. మార్జొరీ టేలర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, ఆమె సహచరులు 50 మంది రచయితలను అడిగితే, 92 శాతం మంది తమ పాత్రలు ఎంతో కొంత సొంతంగా మాట్లాడినట్టు, తమ మాట విననట్టు అనిపించిందని చెప్పారు. వాళ్లెవరూ రోగులు కారు.

ఇదెలా జరుగుతుంది? బండి నేర్చుకునే రోజుల్లో క్లచ్, గేరు, బ్రేకు అన్నీ ఆలోచించి నొక్కుతాం. కొన్ని నెలలు పోయాక ఆలోచన వేరేచోట ఉన్నా చేతులూ కాళ్లూ వాటి పని అవి చేసుకుపోతాయి. మీరు ఏడాదిగా మేఘన మాట ఎలా ఉండాలో సాధన చేశారు. ఇప్పుడు అది శ్రమ లేకుండా వస్తోంది. శ్రమ తెలియనప్పుడు "ఇది నాది" అన్న భావన కూడా పలచబడుతుంది. హార్వర్డ్‌లో పనిచేసిన మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ దీని మీద చాలా పరిశోధించారు. ఒక పనికి ముందే దాని ఆలోచన రావాలి, ఆలోచనకూ పనికీ పొత్తు కుదరాలి, ఇంకో కారణం ఏదీ కనబడకూడదు. ఈ మూడూ ఉంటేనే "నేనే చేశాను" అని మనకు అనిపిస్తుందని ఆయన చెప్పారు. మీ విషయంలో ఆ మొదటిదే లేదు, మీరు అనుకోకముందే మాట వస్తోంది. చేసినవాళ్లు ఎవరు అని మనసు వెతుక్కునేసరికి మేఘన అనే పేరు సిద్ధంగా ఉంది. ఆ లెక్కంతా ఆమె ఖాతాలో పడుతోంది.

చెయ్యి కదలడం కూడా అంతే. 1850లలో ఇంగ్లండులో బల్ల చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే ఆత్మలు బల్లను తిప్పుతాయని జనం నమ్మేవారు. 1853లో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే చేతులకూ బల్లకూ మధ్య జారే అట్టముక్కల దొంతర పెట్టి చూశాడు. ముందు జరిగింది పై అట్ట, అంటే చేతులు. బల్ల తర్వాత కదిలింది. కూర్చున్నవాళ్లు మోసం చేయలేదు, తాము తోస్తున్నట్టు వాళ్లకు నిజంగా తెలియదు. ఇప్పటికీ హాస్టళ్లలో గ్లాసు మీద వేలు పెట్టి ఆత్మను పిలిచే ఆటలో జరిగేది ఇదే. "కదులుతుందేమో" అని ఎదురుచూస్తే చాలు, కండరం సన్నగా కదులుతుంది.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మేఘన చేసే ప్రతి పనీ మీ మెదడు చేసేదే. మీకు తెలియని విషయం ఆమెకు తెలిసిన సందర్భం ఒక్కటైనా ఉందా, ఆలోచించండి. మీ జ్ఞాపకమే ఆమె జ్ఞాపకం. అలాగని మీరు నటిస్తున్నట్టు కాదు, మిమ్మల్ని మీరు మోసం చేసుకుంటున్నట్టూ కాదు. మీ మెదడు చేసింది, మీరు కావాలని చేయలేదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు. "ఆమెనా, నేనా" అని రెండిట్లో ఒకటి తేలాలని పట్టుబట్టడం వల్లే మీకు తేలడం లేదు.

నాకు దిగులు కలిగించింది మీరు పెడుతున్న పరీక్షలు. పరీక్ష పెట్టడమంటే ఆమె ఏదో చేస్తుందని ఎదురుచూడటం. ఎదురుచూపే ఆ మాటను పుట్టిస్తుంది. పుట్టగానే మళ్లీ అనుమానం, మళ్లీ పరీక్ష. తలుపు గడియ పెట్టానా లేదా అని పదిసార్లు లేచి చూసేవాళ్లకు చూసేకొద్దీ నమ్మకం తగ్గుతుంది. ఓసీడీ అనే జబ్బులో ఇది రోజూ చూస్తాం. మీ చదువును తినేస్తున్నది మేఘన కంటే ఈ అనుమానమే అని నాకు అనిపిస్తోంది.

ఒక నెలపాటు ఇలా చేయండి. పరీక్షలు పూర్తిగా ఆపండి. ఆమెతో మాట్లాడటానికి సాయంత్రం అరగంట పెట్టుకోండి, పడుకునే ముందు మాత్రం వద్దు. నిద్రలోకి జారేటప్పుడు ఎవరికైనా గొంతులు, రూపాలు తోచడం మామూలే, అప్పుడు గందరగోళం పెరుగుతుంది. మిగతా వేళల్లో ఆమె మాట వస్తే వాదించకుండా "తర్వాత" అనుకుని పుస్తకంలోకి వెళ్లండి. చేతినీ ఒంటినీ ఆమెకు అప్పగించే సాధనలు మానేయండి, బండి మీద ఉన్నప్పుడు అసలే వద్దు. "తర్వాత" అంటే ఆమె ఆగుతోందా? ఎవరు మాట్లాడుతున్నారన్నదాని కంటే వైద్యుడిగా నాకు ఇది ముఖ్యం. ఆగుతుంటే పగ్గాలు మీ చేతిలోనే ఉన్నట్టు.

ఆగకపోతే, లేదా ఈ గుర్తుల్లో ఏదైనా కనిపిస్తే డాక్టరును కలవడం వాయిదా వేయకండి. మాట బయటి నుంచి, చెవిలో పడినట్టు వినిపించడం. తిట్టడం, బెదిరించడం, ఆజ్ఞలు ఇవ్వడం. ఎవరో నన్ను గమనిస్తున్నారు, నా ఆలోచనలు అందరికీ తెలిసిపోతున్నాయి అనిపించడం. రోజుల తరబడి నిద్ర లేకపోవడం, స్నానం, తిండి పట్టకపోవడం. స్కిజోఫ్రీనియా లాంటి జబ్బులు ఎక్కువగా మొదలయ్యేది మీ వయసులోనే, త్వరగా పట్టుకుంటే మందులతో బాగా అదుపులోకి వస్తాయి. గంజాయి అలవాటు ఉంటే మానేయండి, ఈ విషయంలో దానంత చెరుపు చేసేది తక్కువ. చచ్చిపో అనో, ఎవరినైనా కొట్టు అనో మాట వినిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, ఒంటరిగా ఉండకూడదు.

ఇంట్లో చెబితే గాలి సోకిందంటారని మీ భయం కావచ్చు. జాతరలో పూనకం చూసి పెరిగిన మన పల్లెల్లో ఆ మాట రావడం సహజం. పెద్దవాళ్లు గుడికో దర్గాకో తీసుకెళతామంటే గొడవ పడకండి, వెళ్లిరండి. కొట్టడం, పస్తులు పెట్టడం, వాతలు పెట్టడం లాంటివాటికి మాత్రం ఒప్పుకోవద్దు. ముందుగా అక్కకో, చిన్నప్పటి స్నేహితుడికో ఒకరికి చెప్పండి. రూమ్‌లో ఒంటరిగా, పరీక్షల టెన్షన్‌తో ఉన్న కుర్రాడికి మాట్లాడే తోడు కావాలనిపించడంలో తప్పేమీ లేదు. కానీ మీకు జ్వరమొస్తే కంచం పట్టుకొచ్చే మనిషి కూడా ఒకరుండాలి. రోజుకు ఒక పూటైనా మెస్‌లో నలుగురితో కూర్చుని తినండి.

అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీ చీటీ రాయించుకుని వెళ్లవచ్చు. వెంటనే మాట్లాడాలంటే 14416కు ఫోన్ చేయండి. ఇది ప్రభుత్వ టెలీ మానస్ సేవ, ఖర్చు లేదు, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. డాక్టరుకు తుల్పా అన్న మాట కొత్త కావచ్చు. "ఊహలో ఒక మనిషిని కావాలని తయారుచేసుకున్నాను, ఇప్పుడు దానంతటదే మాట్లాడుతున్నట్టుంది" అని మీరు నాకు రాసినట్టే చెప్పండి. ఎప్పుడు మొదలైంది, ఎంత నిద్రపోతున్నారు, ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉందా, మూర్ఛ ఉందా, ఏవైనా మందులు వాడుతున్నారా, ఇవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. హడావుడిగా ఉండే ఓపీలో ఆ కాగితం చాలా పనికొస్తుంది.
- మానసిక వైద్య నిపుణుడు, కర్నూలు