నల్లగొండ పల్లెల్లో సైకిల్ తొక్కాలంటే చెరువు కట్టలు పట్టుకుని వెళ్ళండి

హైదరాబాద్‌లో ఉద్యోగం, ఈమధ్యే గేర్ సైకిల్ కొన్నాను, హైవే మీద లారీల పక్కన తొక్కాలంటే టెన్షన్‌గా ఉంది, నల్లగొండ వైపు ప్రశాంతమైన రోడ్లు, దారిలో పాత ఊళ్ళు ఉంటే చెప్పండి, రోజుకు 50-60 కిలోమీటర్లు చాలు అని అడిగారు. ఉన్నాయి, చాలానే ఉన్నాయి. నేను నల్లగొండలోనే పుట్టి పెరిగాను. తొమ్మిదేళ్ళుగా దాదాపు ప్రతి ఆదివారం ఈ రోడ్ల మీదే ఉంటాను కాబట్టి నాకు తెలిసినంత రాస్తాను.

ముందు ఒక మాట. ఫోన్‌లో మ్యాప్ తెరిచి ఈ గుడి నుంచి ఆ కోటకు ఎంత దూరమని చూసుకోకండి. మొదటి ఏడాది నేను అదే చేశాను. మ్యాప్ ఎప్పుడూ తొందరగా చేరే దారి చూపిస్తుంది, ఆ దారి తిప్పి తిప్పి 65వ నంబరు జాతీయ రహదారికే తెచ్చి పడేస్తుంది. మ్యాప్‌లో నీలం మచ్చలు చూసుకోండి. అవి చెరువులు. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పోయే చిన్న బీటీ రోడ్డు ఏది ఉంటే అది పట్టుకోండి.

ఎందుకో చెప్తాను. మా వైపు నేల సాఫుగా ఉండదు. ఒక మిట్ట ఎక్కుతాం, అవతల దిగేసరికి పల్లంలో చెరువు ఉంటుంది. రోడ్డు ఆ కట్ట మీది నుంచో, కట్ట కింది నుంచో పోయి మళ్ళీ మిట్ట ఎక్కుతుంది. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్ళు కింది చెరువులోకి పోతాయి. గొలుసుకట్టు చెరువులు అనేది వీటినే. ఎత్తులు ఏవీ పెద్దవి కావు, ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతాయి. కానీ 50 కిలోమీటర్లలో అలాంటివి ముప్పై వస్తే సాయంత్రానికి తొడలు చెప్తాయి. చిన్న గేర్‌లో నిదానంగా ఎక్కండి, దిగేటప్పుడు వచ్చిన ఊపుతో తర్వాతి మిట్ట సగం ఎక్కేస్తారు.

పాత ఊళ్ళు కూడా ఈ చెరువుల దగ్గరే ఉన్నాయి. ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలంలోనైనా, కాకతీయుల కాలంలోనైనా ఊరు నిలబడాలంటే ముందు చెరువు కావాలి, దాని పక్కన గుడి కావాలి. అందుకే కట్ట దొరికితే మిగతావన్నీ వరసగా దొరుకుతాయి. కట్ట మీద మైసమ్మ, మైసమ్మ మీద వేపచెట్టు నీడ, చెట్టు కింద సగం పూడిన నాగశిలో, పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన వీరగల్లో, ఊళ్ళోకి పోతే నడిమధ్య బొడ్రాయి, ఓ పక్కన కూలిపోతున్న బురుజు. ఈ బురుజుల గురించి ఏ టూరిజం బోర్డూ ఉండదు. చాలాచోట్ల అవి ఎవరి ఇంటి వెనకో, ఏ గడ్డివాము పక్కనో ఉంటాయి. అడిగితే ఇంటివాళ్ళే తీసుకెళ్ళి చూపిస్తారు.

మొదటిసారి అయితే పానగల్‌తో మొదలుపెట్టండి. నల్లగొండ పట్టణం అంచునే ఉంది. కారు వెనక సైకిల్ తెచ్చుకుంటే ఇక్కడే ఆపుకోవచ్చు. కందూరు చోడ రాజు ఉదయుడి పేరుతో ఉన్న ఉదయసముద్రం ఇక్కడిదే. ఇప్పుడు ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు ద్వారా కృష్ణా నీళ్ళు వచ్చి చేరుతున్నాయి. తెల్లవారుజామున కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు మంచులో కనబడదు, నీళ్ళ మీద తెప్పల్లో వలలు తీసేవాళ్ళ మాటలు మాత్రం పక్కనే ఉన్నట్టు వినిపిస్తాయి.

ఊళ్ళో రెండు గుళ్ళు. పచ్చల సోమేశ్వరాలయం గోడల మీద, స్తంభాల మీద రామాయణ భారత కథలు చెక్కి ఉంటాయి, ఆవరణలోనే మ్యూజియం కూడా ఉంది. పొలాల పక్కన ఉన్నది ఛాయా సోమేశ్వరాలయం, మూడు గర్భగుళ్ళున్న త్రికూటాలయం. అందులో ఒకదాంట్లో లింగం మీద స్తంభం నీడలాంటిది పొద్దంతా నిలిచి ఉంటుంది. నేను ఒకసారి పొద్దున ఏడున్నరకు చూసి, రైడ్ అంతా అయ్యాక సాయంత్రం నాలుగింటికి మళ్ళీ వచ్చి అదే రాతి మీద కూర్చుని చూశాను. పొద్దు ఈ పక్క నుంచి ఆ పక్కకు పోయింది, నీడ ఎక్కడిదక్కడే ఉంది. ఎండ నేరుగా లోపలికి రాదు. మండపం స్తంభాల పక్కల నుంచి చెదిరిన వెలుగు మాత్రమే వస్తుంది. పొద్దు ఎటు తిరిగినా ఆ వెలుగు వచ్చే దారి మారదు కాబట్టి నీడ కూడా కదలదు. ఇది చెప్పిన తర్వాత కూడా నాకు అక్కడ కూర్చోవాలనే ఉంటుంది. రెండు నిమిషాలు కళ్ళు చీకటికి అలవాటు పడనివ్వండి, అప్పుడే నీడ అంచులు తేటగా కనిపిస్తాయి.

సూర్యాపేట వైపు పోతే పిల్లలమర్రి. ఇక్కడ జాగ్రత్త, మ్యాప్‌లో పిల్లలమర్రి అని కొడితే మహబూబ్‌నగర్ దగ్గరి మహా మర్రిచెట్టు కూడా వస్తుంది. మా సహోద్యోగి ఒకాయన ఆ దారి పట్టుకుని చాలా దూరం పోయాక ఫోన్ చేశాడు. పానగల్‌కూ ఇదే చిక్కు ఉంది, వనపర్తి వైపు కోట ఉన్న పానగల్ వేరు. సూర్యాపేట పిల్లలమర్రి కాకతీయుల సామంతులైన రేచర్ల వంశం వాళ్ళ ఊరు. 13వ శతాబ్దం మొదట్లో ఎరకసాని కట్టించిన ఎరకేశ్వరాలయం, దానితోపాటు నామేశ్వరాలయం ఉన్నాయి. అక్కడి నల్లరాతి స్తంభాలు ఎంత నునుపంటే దగ్గరికి పోతే మన మొహం మసకగా కనిపిస్తుంది. చెమట చేతులతో ముట్టుకోకండి, దయచేసి. అక్కడి నుంచి పెన్‌పహాడ్ మండలం నాగులపహాడ్ గుళ్ళు కూడా కలుపుకుంటే మీరు అడిగిన 50 కిలోమీటర్లు అటూ ఇటూగా సరిపోతాయి.

కాస్త అలవాటయ్యాక ఫణిగిరి పోండి. సూర్యాపేట నుంచి పోయిరావాలంటే మీ లెక్కకు ఎక్కువవుతుంది కాబట్టి అర్వపల్లి దాకా కారులో వచ్చి అక్కడి నుంచి తొక్కండి. పడగ విప్పిన పాములా కనిపించే గుట్ట, గుట్ట మీద దాదాపు రెండు వేల ఏళ్ళనాటి బౌద్ధారామం, కింద బిక్కేరు వాగు. ఇక్కడి సున్నపురాతి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్ళి ప్రదర్శనలో నిలిచాయి. 2024లో తవ్వకాల్లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఆ వార్త చదివిన వారమే నేను మళ్ళీ వెళ్ళాను. గుట్ట కింద మేకలు కాస్తున్న పెద్దాయన చిన్నప్పుడు ఈ బండల మధ్యే ఆడుకున్నామని చెప్తూ, ఏ రాయి ఎటు జరిగిందో వేలు పెట్టి చూపించాడు. గుట్ట ఎక్కేటప్పుడు సైకిల్ కిందే ఎవరి వాకిట్లోనైనా పెట్టమంటే పెట్టనిస్తారు.

పొద్దున పోయి మధ్యాహ్నానికి ఇల్లు చేరాలనుకుంటే పోచంపల్లి వైపు మీకు దగ్గర. 1951లో వినోబా భావేకు తొలి భూదానం అందింది ఆ ఊళ్ళోనే. కానీ ఆదివారం అక్కడ కార్లు ఎక్కువ. చౌటుప్పల్ దాటి సంస్థాన్ నారాయణపురం వైపు, పుట్టపాక పోతే రోడ్డు ఖాళీగా ఉంటుంది, రాచకొండ గుట్టలు పక్కనే సాగుతాయి. పుట్టపాకలో తేలియా రుమాలు అనే ఇక్కత్ బట్ట నేస్తారు. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి నూలును నానబెడతారు, ఆ నూనె వాసన వీధి మొదట్లోనే తగులుతుంది. కారులో పోతే అది తెలియదు.

ఇక కాలం. దసరా తర్వాతి నుంచి ఫిబ్రవరి చివరి దాకా బాగుంటుంది. అక్టోబరులో మిట్టల మీద తంగేడు, గునుగు ఇంకా ఉంటాయి, రోడ్డు పక్కన గంపల్లో సీతాఫలాలు అమ్ముతారు. మార్చి నుంచి తొమ్మిదింటికల్లా ఇంట్లో ఉండాల్సిందే. ఏ నెలైనా తెల్లవారగానే బయలుదేరండి. ఏడున్నర దాటితే పత్తి ఏరడానికి పోయే కూలీల ఆటోలు మొదలవుతాయి, నిండా జనంతో వేగంగా వస్తాయి.

నవంబరు, డిసెంబరుల్లో, మళ్ళీ ఏప్రిల్, మేల్లో సగం రోడ్డు వడ్లతో నిండి ఉంటుంది. దీని మీద విసుక్కునే సైకిల్ వాళ్ళను చూశాను, నాకు బాధేస్తుంది. తేమ 17 శాతానికి దిగితే తప్ప కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు. ఇంటిల్లిపాదీ కష్టం అక్కడ ఆరబోసి ఉంది. రెండో పక్క నుంచి నెమ్మదిగా పోండి, గింజల మీదికి టైరు పోనివ్వకండి, పోతే జారి మీరే పడతారు. చీకటి పడ్డాక అసలు తొక్కకండి. పరదా కప్పిన కుప్ప, దాని చుట్టూ పెట్టిన రాళ్ళు లైటు వెలుగులో కూడా దగ్గరికి వచ్చేదాకా తెలియవు.

నేను పడింది మాత్రం అలుగు దగ్గర. మూడేళ్ళ కింద, వానలు తగ్గిన వారం, రోడ్డు మీద చెప్పు తడిసేంత నీళ్ళే పారుతున్నాయి. ఏముందిలే అని పోనిచ్చాను. నీళ్ళ కింద పాచి ఉంది. ముందు టైరు పక్కకు పోవడం, నేను మోచేతి మీద పడటం ఒకేసారి అయ్యాయి. నాటు వేస్తున్న ఆడవాళ్ళు పరుగున వచ్చి లేపారు. అందులో ఒకామె తన సీసాలోని నీళ్ళన్నీ నా మోచేతి మీద పోసి, "దిగి నడవాలె బిడ్డా, మేమే నడుస్తం ఈడ" అంది. అప్పటి నుంచి పారే నీళ్ళ మీద నేను తొక్కలేదు. మడమ మునిగేంత నీళ్ళుంటే దాటడం కూడా మానేసి వెనక్కి తిరగండి.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి, దారిలో బోరు నీళ్ళు తాగకండి. మర్రిగూడ, మునుగోడు, నారాయణపురం వైపు ఫ్లోరైడ్ ఎంతమంది నడుములు వంచిందో మా ఇళ్ళల్లో చూశాం. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే స్థిరపడింది. ఇప్పుడు నల్లా నీళ్ళు వస్తున్నాయి, ఊరూరా ఫిల్టర్ ప్లాంట్లున్నాయి, అక్కడే సీసా నింపుకోండి.

కుక్కలు ఊరి మొదట్లో, ఊరి చివర్లో వెంటపడతాయి. పారిపోవాలని చూడకండి, దిగి సైకిల్‌ను మీకూ వాటికీ మధ్య పెట్టుకుని నడవండి, పది అడుగుల్లో ఆగిపోతాయి. చెరువు కట్టల మీద సర్కారు తుమ్మ ముళ్ళు ఎక్కువ, రెండు ట్యూబులు, పంక్చర్ సామాను, పంపు తప్పనిసరి. సైకిల్ షాపులు మండల కేంద్రాల్లో ఉన్నా గేర్ సైకిల్ ట్యూబు దొరకదు.

మీ సైకిల్ టైరు ఎంత వెడల్పో రాయలేదు. 32 ఎంఎం అంతకన్నా ఎక్కువైతే పైన చెప్పినవన్నీ పోవచ్చు. 25 ఎంఎం సన్న టైర్లయితే కట్టల మీది మట్టి దారులు వదిలేసి పానగల్, పిల్లలమర్రి వరకే పెట్టుకోండి. ఎటు పోవాలో తెలియనిచోట ఫోన్ తీయకుండా కనబడిన మనిషిని "అన్నా, పై చెరువుకు ఏ తొవ్వ?" అని అడగండి. ఇంతవరకు నాకు తప్పు దారి చెప్పినవాళ్ళు లేరు.