లైసెన్సు తుపాకీకే, తూటాల తయారీకి కాదు

ప్రశ్న: షూటింగ్ అంటే ప్రాణమిచ్చే మా నాన్నగారు 14 నెలల క్రితం కాలం చేశారు. గత నెలలో ఆయన బీరువా తెరిస్తే తూటాలు తిరిగి నింపుకునే ప్రెస్, డైలు (అచ్చులు), చిన్న త్రాసు, రెండు డబ్బాల తుపాకీ మందు, కొన్ని ప్రైమర్లు (తూటాలోని మందును అంటించే చిన్న మూతలు), సంచెడు ఖాళీ కేసులు (తూటా తొడుగులు) కనిపించాయి. నాకు 12 బోర్ తుపాకీ లైసెన్సు ఉంది. నాన్నగారి గుర్తుగా రీలోడింగ్‌ను హాబీగా మొదలుపెట్టాలని ఉంది. తక్కువైన ప్రైమర్లు బిల్లు లేకుండా ఇస్తానని ఒక మిత్రుడు వాట్సాప్‌లో చెప్పాడు. ఇంతకాలం ఎవరూ అడగలేదు కాబట్టి ఇబ్బంది ఉండదు కదా? ఉంటుందంటే అన్నీ కాలువలో పారేయమంటారా?

జవాబు: మీ విషయాన్ని తేల్చేది ఆయుధాల చట్టం, 1959లోని సెక్షన్ 2(1)(బి). ఆ నిర్వచనం ప్రకారం మందుగుండు అంటే నిండు తూటా మాత్రమే కాదు. తుపాకీలో వాడే మందు, తూటా విడిభాగాలు, తూటాలు తయారుచేసే యంత్రసామగ్రి కూడా అందులోకే వస్తాయి. కాబట్టి మీరు ఒక్క తూటా నింపకపోయినా, ఆ బీరువాలో ఉన్నది చట్టం దృష్టిలో మందుగుండే.

మీ లైసెన్సు మీ తుపాకీకి, అందులో రాసిన పరిమితి మేరకు కొనుక్కునే తూటాలకు వర్తిస్తుంది. తయారీకి సెక్షన్ 5 కింద వేరే లైసెన్సు కావాలి. అమ్మకానికి కాదు, సొంత సాధనకే కదా అని మీ మిత్రుడు అనవచ్చు గానీ, ఆ సెక్షన్ తయారీని అమ్మకంతో ముడిపెట్టలేదు. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తయారీకి కనీస శిక్ష 7 సంవత్సరాలు, గరిష్ఠం యావజ్జీవం. లైసెన్సు లేకుండా మందుగుండు దగ్గర ఉంచుకున్నందుకు 2 నుంచి 5 సంవత్సరాలు. లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకున్న నేరానికి కేసు నడపాలంటే సెక్షన్ 39 కింద జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి అవసరం. తయారీ ఆరోపణకు ఆ అడ్డుగోడ కూడా లేదు.

సెక్షన్ 45(డి) కొంత వెసులుబాటు ఇస్తుంది. జత భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేకుండా చిన్నపాటి విడిభాగాలను ఉంచుకుంటే చట్టం పట్టించుకోదు. ఖాళీ కేసులు మాత్రమే ఉండి ఉంటే మీకు ఈ వాదన పనికివచ్చేది. వాటి పక్కనే మందు, ప్రైమర్లు, ప్రెస్ ఉన్నాయి. పైగా మీ ఉద్దేశాన్ని బయటపెట్టే సంభాషణ వాట్సాప్‌లో ఉంది. ఇది క్షమించరాని నిర్లక్ష్యం. లైసెన్సు తీసుకున్న వ్యక్తి, దాని షరతులు ఒక్కసారి కూడా చదవకుండా, బిల్లు లేని ప్రైమర్ల గురించి ఫోనులో బేరం ఎలా మాట్లాడగలిగారు? ఆ సంభాషణను ఇక్కడితో ఆపండి, కానీ చెరిపేయకండి. చెరిపినా అవతలి ఫోనులో ఉంటుంది, చెరిపారన్న సంగతి మీకు వ్యతిరేకంగా మరో సాక్ష్యమవుతుంది.

ఎవరూ అడగలేదన్న ధీమాకు ఆధారం లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బి.ఎన్.ఎస్.ఎస్.) సెక్షన్ 514లోని కాలపరిమితి 3 సంవత్సరాలకు మించని శిక్ష ఉన్న నేరాలకే వర్తిస్తుంది, పై రెండు నేరాలూ దాన్ని దాటాయి. అదీగాక వస్తువులు మీ దగ్గర ఉన్నన్నాళ్లూ ఆ నేరం కొనసాగుతున్నట్టే లెక్క. మీకు అనుకూలమైన విషయం ఒక్కటే ఉంది: తెలిసి ఉంచుకుంటేనే స్వాధీనం నేరమవుతుందని సుప్రీంకోర్టు 1972 నాటి గున్వంత్‌లాల్ కేసులో స్పష్టం చేసింది. బీరువా తెరిచిన రోజు వరకు మీకు తెలియదని చూపగలరు. ఆ రోజు నుంచి గడిచే ప్రతి దినం ఆ రక్షణను తగ్గిస్తుంది. అందుచేత ఆ తేదీ, అప్పుడు పక్కన ఉన్న కుటుంబసభ్యుల పేర్లు ఉన్నవి ఉన్నట్టు ఇవాళే రాసుకోండి.

కాలువ ఆలోచన మానుకోండి. సాక్ష్యాన్ని మాయం చేయడం భారతీయ న్యాయ సంహిత (బి.ఎన్.ఎస్.) సెక్షన్ 238 కింద విడిగా నేరం; పైగా ఆ మందు, ప్రైమర్లు పిల్లల చేతికి చిక్కితే ఏమవుతుందో ఆలోచించండి. మిత్రుడికి ఇచ్చేయడం కూడా ఆయుధాల చట్టం సెక్షన్ 5 నిషేధించిన బదిలీయే. నాన్నగారి పేరిట పాత తేదీతో కాగితం పుట్టిస్తే, సమాధానం చెప్పుకోగల వ్యవహారం ఫోర్జరీ కేసుగా మారుతుంది.

డబ్బాలు తెరవకుండా, దేన్నీ కదపకుండా జాబితా రాయండి. నాన్నగారి లైసెన్సు పుస్తకాన్ని, డీలరు బిల్లులను వెతకండి. తయారీకి ఆయనకు అనుమతి ఉందో లేదో అందులో తేలుతుంది, అయితే ఉన్నా అది వారసత్వంగా మీకు రాదు. క్రిమినల్ కేసులు చూసే స్థానిక న్యాయవాదిని ఈ వారంలోనే కలిసి, తండ్రి మరణానంతరం ఈ వస్తువులు బయటపడ్డాయని, ఆయుధాల చట్టం సెక్షన్ 21 కింద డిపాజిట్ చేయడానికి సిద్ధమని లైసెన్సింగ్ అధికారికి లేఖ రాయించి, నకలును పోలీసు స్టేషన్‌కు ఇవ్వండి. దీనివల్ల కేసు రాదని నేను హామీ ఇవ్వలేను, కానీ దాడిలో దొరకడానికి, తానుగా చెప్పడానికి కోర్టు దృష్టిలో చాలా తేడా ఉంది. మందును మీ వాహనంలో మోసుకెళ్లకండి, వారినే వచ్చి తీసుకోమనండి. ప్రతి వస్తువుకూ తేదీ, సంతకం, ముద్ర ఉన్న రసీదు పుచ్చుకోండి.

రీలోడింగ్ అనుమతి కోరే దరఖాస్తును ఇది ముగిసిన తర్వాతే, మీ రైఫిల్ సంఘం సలహాతో విడిగా పెట్టుకోండి. లిఖితపూర్వక జవాబు చేతికి వచ్చేదాకా సాధనకు కావలసిన తూటాలను లైసెన్సు ఉన్న డీలరు దగ్గరే, బిల్లుతో, పుస్తకంలో నమోదు చేయించుకుని కొనండి.